మోటారు సైకిలుకు ఆయిలు ఫిల్టరు - ఎంపికయందు ఎరుగవలసిన విషయములు

ఒకప్పుడు గ్రామమున రచ్చబండ చెంత ఎడ్లబండ్లు నిలిచెడివి. పిమ్మట సైకిళ్లు వచ్చినవి. నేడు పంచాయతీ సమావేశము జరుగు దినమున కార్యాలయపు వాకిట చూచినచో మోటారు సైకిళ్లే వరుసగా నిలిచియుండును. పాలు కేంద్రమునకు చేర్చుటకును, ఎరువుల బస్తాను పొలమునకు కొనిపోవుటకును, రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవుటకును, పిల్లలను బడికి చేర్చుటకును పల్లెలలో ఈ వాహనమే ఆధారము. అట్టి వాహనము ఒక వారము మూలబడినచో ఆ కుటుంబము పడు ఇబ్బంది ఇంతంత కాదు.

ఈ వాహనపు ఇంజను చిరకాలము మన్నుట మన గుప్పిటలో ఇమిడిపోవు ఒక చిన్న వస్తువుపై చాలవరకు ఆధారపడియున్నది. అదియే ఆయిలు ఫిల్టరు. దీనిని కొనుటకు దుకాణమునకు పోయినపుడు "కంపెనీది ఇమ్మందురా, బయటిది ఇమ్మందురా?" అను ప్రశ్న ఎదురగును. రెండింటి వెలలో కొంత భేదముండును. చిన్న బండ్ల ఫిల్టర్లలో ఈ భేదము సాధారణముగా కొన్ని పదుల రూపాయలే. ఈ కొన్ని పదుల రూపాయలను మిగుల్చుకొనుట లాభమా, నష్టమా? బయటి సరుకంతయు చెడ్డదేనా? మంచి చెడ్డలను తెలిసికొనుట ఎట్లు? ఈ విషయములను పంచాయతీ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఒక అనుభవము

మేము పర్యటనలో ఒక గ్రామమునకు పోయినపుడు పాలు సేకరించు రైతు ఒకరు తమ కష్టమును మాతో చెప్పుకొనిరి. రెండేండ్లయినను నిండని బండి పొగ వదలసాగినది. ఆయిలు తరిగిపోవుచుండెను. మెకానిక్కు ఇంజనును విప్పి చూచి బోరుకు వచ్చినదనెను. పిస్టను, రింగులు మార్చవలసివచ్చినది. ఫిల్టరును తీసి చూడగా అది ఉండవలసిన పొడవుకన్న కొంచెము తక్కువగా నుండెను. అందుచేత దాని చివర సందు మిగిలి, ఆయిలు కాగితము గుండ పోక, ఆ సందు గుండ మలినముతోనే ఇంజనులోనికి పోయినది. "అయ్యా, దుకాణములో నలుబది రూపాయలు కలిసివచ్చినవని సంతోషించితిని. వేలు పోయినవి. బండి షెడ్డులో నున్నన్నాళ్లు పాలు ఆటోలో పంపుకొంటిని" అని ఆయన వాపోయిరి. ఆ ఫిల్టరు డబ్బాపై తయారుచేసినవారి పేరు లేదు. చిరునామా లేదు. ఎవరిని అడుగవలెనో ఆయనకు తెలియలేదు.

ఆయిలు చేయు పని

ఇంజనులో లోహపు భాగములు నిమిషమునకు వేలసార్లు ఒకదానిపై ఒకటి కదలుచుండును. వాని నడుమ పలుచని ఆయిలు పొర నిలిచి, లోహమును లోహము తాకకుండ కాపాడును. వేడిని కొంత తీసికొనిపోవును. అరుగుదలవలన రాలిన లోహపు పొడిని, కాలిన ఇంధనపు మసిని తనతో కొట్టుకొనిపోవును.

మోటారు సైకిలులో మరియొక విశేషము కలదు. కారులో ఇంజనుకు, గేరు పెట్టెకు వేర్వేరు ఆయిళ్లుండును. పెక్కు మోటారు సైకిళ్లలోనో, ఒకే ఆయిలు ఇంజనును, గేర్లను, క్లచ్చిని తడుపుచుండును. కావున గేరు పండ్ల అరుగుడు, క్లచ్చి పలకల పొడి గూడ ఆ ఆయిలులోనే చేరును. పైగా చిన్న బండిలో ఆయిలు సుమారు ఒక లీటరు మాత్రమే పట్టును. కొద్దిపాటి ఆయిలుపై ఇంత భారము పడుటచే దానిని శుభ్రముగా నుంచుట మిక్కిలి అవసరము.

ఈ మలినము కంటికి కనిపించునది కాదు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఇంజను బేరింగుల నడుమ నిలుచు ఆయిలు పొర మందము కొన్ని మైక్రాన్లే. ఆ పొరకన్న పెద్దదైన గట్టి రేణువు అందు దూరినచో, తిరుగలిలో పడిన ఇసుక వలె లోహమును గీసివేయును. ఇట్టి రేణువులలో పెద్దవానిని పట్టి నిలుపుటయే ఫిల్టరు పని. 1923లో అమెరికా దేశమున ఎర్నెస్టు స్వీట్లాండు, జార్జి గ్రీనాల్గ్ అనువారు మోటారు వాహనములకు ఆయిలు ఫిల్టరును రూపొందించి, దానికి ప్యూరొలేటరు అని పేరిడిరి. నాటినుండి రూపములు మారినవి గాని పని మారలేదు.

ముందుగా మీ బండిని తెలిసికొనుడు

ఫిల్టరు కొనుటకు ముందు, మన బండిలో మార్చదగిన ఫిల్టరు అసలు ఉన్నదా అని తెలిసికొనవలెను. ఈ విషయమున పలువురు పొరపడుచున్నారు.

హీరో స్ప్లెండర్ వంటి 100 సీసీ తరగతి బండ్లు పెక్కింటిలో కాగితపు ఫిల్టరు ఉండదు. అందు ఆయిలు మొదట ఒక జల్లెడ గుండ పోవును. పిదప వేగముగా తిరుగు ఒక గిన్నెలో బరువైన మలినము అంచునకు కొట్టుకొనిపోయి అంటుకొనును. కవ్వపు తిప్పుడుకు వెన్న వేరగునట్లు, ఇచ్చట తిరుగుడుకు మలినము వేరగును. ఈ జల్లెడను, గిన్నెను నిర్ణీత కాలమునకు విప్పి కడుగుటయే పని. ఇట్టి బండికి "ఫిల్టరు మార్చితిని" అని ఎవరైన సొమ్ము అడిగినచో, ఏ ఫిల్టరును మార్చిరో చూపుమని అడుగుడు.

బజాజ్ పల్సర్ వంటి బండ్లలోను, 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లలోను మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరు ఒక మూత వెనుక ఉండును. మూత బోల్టులను విప్పి దానిని మార్చవలెను. బుల్లెట్టు బండి మన ప్రాంతమునకు పాత చుట్టమే. 1955లో మద్రాసు నగరమున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి ఈ బండ్ల కూర్పు ప్రారంభించినది. నాటి పాత ఇంజనులలో కాగితమునకు బదులు మందమైన ఫెల్టు ఫిల్టరు ఉండెడిది. అందుచేత "బుల్లెట్టు ఫిల్టరు" అని మాత్రము అడిగినచో చాలదు. ఏ సంవత్సరపు బండియో, ఏ ఇంజనో చెప్పవలెను. అదే సంస్థవారి 650 సీసీ రెండు సిలిండర్ల బండ్లలో రేకు డబ్బా వంటి, మరవలె తిప్పి బిగించు ఫిల్టరు కలదు.

పాతకాలపు టూ స్ట్రోకు బండ్లలో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలిపోవును గనుక, ఇంజను ఆయిలును వడగట్టు ప్రశ్నయే లేదు.

మీ బండి ఏ తరగతికి చెందినదో బండితో ఇచ్చిన పుస్తకము చెప్పును. ఎన్ని కిలోమీటర్లకు ఆయిలు మార్చవలెనో, ఎప్పుడు ఫిల్టరు మార్చవలెనో గూడ అందే యుండును. ఆ పుస్తకమును దూలము మీద పెట్టి మరచిపోరాదు.

కంపెనీది, బయటిది, నకిలీది

బజారులో దొరకు ఫిల్టర్లు మూడు విధములు.

మొదటిది వాహనమును తయారుచేసిన సంస్థ తన పేరిట అమ్మునది. ఇది తన బండికి సరిపోవునని ఆ సంస్థ బాధ్యత వహించును. వెల కొంత హెచ్చు.

రెండవది ఫిల్టర్ల తయారీయే వృత్తిగా గల పేరున్న సంస్థలు తమ సొంత పేరిట అమ్మునది. వాహన సంస్థలు పెక్కు భాగములను తామే తయారుచేయక ఇతర సంస్థలచే చేయించుకొనుట పరిపాటి. అట్టి సంస్థలలో కొన్ని అట్టి సరుకునే తమ డబ్బాలో పెట్టి బజారులోను అమ్ముచుండును. కావున బయటిది అన్నంత మాత్రమున చెడ్డది కాదు. మంచి సంస్థ ఫిల్టరును, బండికి సరియైన నెంబరు చూచి కొనినచో, వాడుకొనుటకు వెనుదీయనక్కరలేదు.

మూడవది పేరు ఊరు లేనిది; లేదా పేరున్న సంస్థ గుర్తును దొంగిలించి అచ్చువేసిన నకిలీ సరుకు. మన భయము దీనిని గూర్చియే. అక్షరములో ఒక చిన్న మార్పు, రంగులో కొద్ది తేడా, అచ్చులో అస్పష్టత - ఇవి నకిలీకి గుర్తులు. తప్పుడు వ్యాపార చిహ్నమును వాడుట 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము.

బండి వారంటీ కాలములో నున్నచో మరియొక జాగ్రత్త అవసరము. వారంటీ నియమములను చదివి, వానికి అనుగుణముగా నడచుకొనుట మేలు. ఆ కాలములో కొన్ని పదుల రూపాయల కొరకు తగవు తెచ్చుకొనుట తెలివి కాదు.

చేతిలోకి తీసికొని చూడవలసినవి

కూరగాయలు కొనునపుడు గిల్లి చూచు మనము, ఇంజను భాగమును కండ్లు మూసికొని కొనరాదు. ఈ క్రింది పరీక్షలకు చదువుతో గాని, పరికరములతో గాని పని లేదు.

పాత ఫిల్టరును వెంట తీసికొనిపోవుడు. క్రొత్తదానిని దాని ప్రక్కన నిలిపి పొడవు, వెడల్పు, నడిమి రంధ్రము సరిచూడుడు. గోరంత తేడా ఉన్నను వలదనుడు. మర ఫిల్టరు అయినచో మర చుట్లు గూడ సరిపోవలెను.

కాగితపు మడతలను చూడుడు. అవి సమానమైన ఎడముతో, నిటారుగా నుండవలెను. ఒకచోట కుక్కినట్లు, మరియొకచోట ఖాళీగా ఉన్నచో పనితనము లేదని అర్థము. మడతలు ఎన్ని ఎక్కువయున్నచో వడగట్టు విస్తీర్ణము అంత ఎక్కువ. కాగితము మరీ పలుచనై, వ్రేలు తగులగానే చినుగునట్లుండరాదు.

కాగితపు రెండు అంచులు కలియుచోటను, పైక్రింది బిళ్లలకు అంటుచోటను జిగురు ఎడతెగక ఉండవలెను. వెలుతురునకు ఎదురుగా పట్టి, సందులేమైన ఉన్నవా అని చూడుడు. వేడి ఆయిలులో జిగురు ఊడినచో ఫిల్టరు ఉండియు లేనట్లే.

రబ్బరు ఉంగరములను మెల్లగా నొక్కి చూడుడు. మెత్తగా నొక్కుకొని, తిరిగి తన రూపమునకు రావలెను. బిరుసెక్కిన రబ్బరు, పగుళ్లున్న రబ్బరు పనికిరావు. కొన్ని ఫిల్టర్లతో ఈ ఉంగరములు డబ్బాలోనే వచ్చును. లేనిచో విడిగా అడిగి తీసికొనుడు.

కొన్ని ఫిల్టర్లలో బైపాసు కవాటము ఉండును. చలిలో ఆయిలు చిక్కబడినపుడో, ఫిల్టరు మలినముతో నిండిపోయినపుడో ఈ కవాటము తెరచుకొని, వడగట్టని ఆయిలునైనను ఇంజనుకు పోనిచ్చును. ఆయిలు లేకపోవుటకన్న మలిన ఆయిలే నయము గనుక ఈ ఏర్పాటు. ఈ కవాటము ఎంత ఒత్తిడికి తెరచుకొనవలెనో బండిని బట్టి నిర్ణయింతురు. దానిని కంటితో చూచి తెలిసికొనలేము. అందుచేతనే "రూపమొకటే గదా" అని వేరు బండి ఫిల్టరును బిగించుట ప్రమాదకరము.

డబ్బాపై వ్రాత చూడుడు. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నియమముల ప్రకారము తయారీదారుని పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన ఫోను నెంబరు ఉండవలెను. ఇవి లేని డబ్బాను త్రోసిపుచ్చుడు.

బిగించుటలో జాగ్రత్తలు

మంచి ఫిల్టరును తప్పుగా బిగించినచో చెడ్డ ఫిల్టరుతో సమానమే. మెకానిక్కు పని చేయునపుడు ప్రక్కన నిలిచి చూచుట నామోషీ కాదు.

ఇంజను కొద్దిగా వేడెక్కిన పిమ్మట ఆయిలు తీసినచో మలినముతో సహా బాగుగా కారిపోవును. అయితే కాలునంత వేడిలో చేయి పెట్టరాదు. పాత రబ్బరు ఉంగరము ఒక్కొక్కప్పుడు ఇంజనుకే అంటుకొని మిగిలిపోవును. దానిపై క్రొత్తది పెట్టి బిగించినచో ఆయిలు కారిపోవును. కావున పాతది వచ్చినదా అని చూచుకొనవలెను. కొన్ని ఫిల్టర్లకు లోపలి వైపు, వెలుపలి వైపు అని భేదము కలదు. తారుమారైనచో ఆయిలు సరిగా ప్రవహింపక ఇంజను పట్టివేయవచ్చును. క్రొత్త ఉంగరమునకు కొంచెము ఆయిలు పూయవలెను. మర ఫిల్టరును అతిగా బిగింపరాదు. మూత బోల్టులను బలముకొలది తిప్పినచో అల్యూమినియపు మరలు ఊడిపోవును.

ఆయిలు పోసి, ఇంజనును ఒక నిమిషము నడిపి ఆపి, కొంతసేపటికి మట్టమును మరల చూడవలెను. క్రొత్త ఫిల్టరు కొంత ఆయిలును పీల్చుకొనును గనుక మట్టము తగ్గియుండవచ్చును.

కొందరు కాగితపు ఫిల్టరును పెట్రోలులో కడిగి మరల పెట్టుచున్నారు. ఇది తగదు. కడుగుటచే పైమలినము పోవునేమో గాని, కాగితపు పోగులలో చిక్కిన రేణువులు పోవు. జిగురు, కాగితము బలహీనమగును. జల్లెడను కడుగవచ్చును, కాగితమును మార్చవలసినదే.

పాత ఫిల్టరును పారవేయుటకు ముందు ఒక మడత విప్పి చూడుడు. కొద్దిపాటి నల్లని మసి సహజము. తళతళలాడు లోహపు రజను ఎక్కువగా నున్నచో ఇంజనులో ఏదో అరుగుచున్నదని హెచ్చరిక. ఆ రజను అయస్కాంతమునకు అంటినచో ఇనుము లేక ఉక్కు. అంటనిచో అల్యూమినియము కావచ్చును. ఇట్లు ముందుగా తెలిసినచో చిన్న మరమ్మతుతో పోవును.

ఫిల్టరు ఎంత మంచిదైనను తగని ఆయిలును మంచిదిగా చేయలేదు. క్లచ్చి ఆయిలులో మునిగియుండు మోటారు సైకిలుకు, డబ్బాపై జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.2 అను గుర్తు గల ఆయిలు వాడవలెను. కారు ఆయిళ్లు కొన్నింటిలో రాపిడిని తగ్గించు ద్రవ్యములు కలిపియుందురు. వానివలన క్లచ్చి జారును. అట్లే మట్టిబాటలలో రేగు దుమ్మును ఆపునది ఆయిలు ఫిల్టరు కాదు, గాలి ఫిల్టరు. కోతల కాలములో దానిని గూడ తరచు చూచుకొనవలెను.

పంచాయతీ బాధ్యత

ఇంతవరకు చెప్పినది వాహనము గల వ్యక్తికి సంబంధించినది. ఇకముందు చెప్పునది గ్రామమంతటికి సంబంధించినది.

తీసిన ఆయిలు, పాత ఫిల్టరు ఎచటికి పోవుచున్నవి? మెకానిక్కు షెడ్డు వెనుకనున్న మురుగు కాలువలోనికో, ఖాళీ స్థలములోనికో అని పెక్కుచోట్ల సమాధానము వచ్చును. అచ్చటినుండి అది చెరువునకు, బావినీటికి చేరును. వాడిన ఆయిలులో లోహములు, మసి, ఇంధనపు అవశేషములు కలిసియుండును. అది నీటిపై పలుచని పొరగా పరచుకొని గాలి సోకకుండ చేయును. నేలలో ఇంకినచో త్వరగా విరిగిపోదు. దానిని పొయ్యిలో కాల్చినచో విషపు పొగ వచ్చును. కర్రకు చెదలు పట్టకుండ పూయుట, దుమ్ము అణగుటకు బాటపై చల్లుట గూడ మంచి అలవాట్లు కావు.

2016 నాటి అపాయకర వ్యర్థముల నియమముల క్రింద వాడిన ఆయిలు అపాయకర వ్యర్థముగా పరిగణింపబడుచున్నది. దానిని అనుమతి పొందిన శుద్ధి కర్మాగారములకే చేర్చవలెను. 2023లో ఈ నియమములను సవరించి, వాడిన ఆయిలును శుద్ధి చేయించు బాధ్యతను ఆయిలు ఉత్పత్తిదారులపై గూడ ఉంచిరి. ఈ సవరణ 2024 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. సరిగా శుద్ధి చేసినచో వాడిన ఆయిలు మరల ఆయిలుగా ఉపయోగపడును. కావున ఇది పారవేయవలసిన చెత్త కాదు, సేకరింపవలసిన సరుకు.

పారిశుద్ధ్యము, త్రాగునీరు గ్రామ పంచాయతీ ముఖ్య విధులు. సభ్యులు తలచినచో పెద్ద ఖర్చు లేకయే కొన్ని పనులు చేయవచ్చును. గ్రామములోని మరమ్మతు షెడ్ల వారిని పిలిపించి, వాడిన ఆయిలుకు మూత గల పీపా ఒకటి ఉంచుకొనుమని నచ్చజెప్పవలెను. దానిలో నీరు, పెట్రోలు కలుపరాదు. పాత ఫిల్టర్లను ఒక పూట జల్లెడపై బోర్లించి, కారిన ఆయిలును పీపాలో చేర్చవలెను. పీపా నిండినపుడు అనుమతి గల సేకరణదారునికే ఇచ్చి రసీదు తీసికొనవలెను. ఒక్క షెడ్డుకు ఆయిలు చాలనిచో, రెండు మూడు గ్రామముల షెడ్లవారు కలిసి ఇచ్చుకొనవచ్చును. ఇంటివద్దనే ఆయిలు మార్చుకొనువారు పాత డబ్బాలోనే దానిని పోసి షెడ్డునకు ఇచ్చునట్లు గ్రామసభలో చెప్పవలెను. బావికిని, చెరువుకును చేరువలో షెడ్డు ఉన్నచో మొదట అచ్చటనే ఈ ఏర్పాటు జరుగవలెను.

మోసపోయినచో

కొనిన ప్రతి భాగమునకు బిల్లు తీసికొనుట అలవాటు చేసికొనవలెను. బిల్లుపై ఫిల్టరు పేరు, నెంబరు వ్రాయించుడు. డబ్బాను తదుపరి ఆయిలు మార్పు వరకు దాచియుంచుడు. నకిలీ సరుకు అంటగట్టినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలకు మించని కొనుగోళ్ల విషయమున ఫిర్యాదుకు రుసుము లేదు. కాని బిల్లు లేనివాని మాట నిలుచుట కష్టము. మాకు తమ కష్టము చెప్పుకొనిన ఆ పాల రైతు చేతిలో బిల్లు లేదు. డబ్బాపై పేరు లేదు. నష్టము మాత్రము మిగిలినది.

కావున కంపెనీదా, బయటిదా అను ప్రశ్నకు మేము చెప్పు సమాధానమిది: బండికి సరియైనది, పేరు చిరునామా గలది, బిల్లుతో వచ్చునది ఏదైనను మంచిదే. ఈ మూడింటిలో ఏది లోపించినను ఎంత చవుకయైనను వలదు. గ్రామములో నలుగురు సభ్యులు బిల్లు అడుగుట మొదలిడినచో దుకాణములో నకిలీ సరుకు నిలువదు. నలుగురు షెడ్డువారు పీపా పెట్టినచో కాలువలో ఆయిలు కనిపించదు. రానున్న గ్రామసభలో ఈ రెండు విషయములను చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.